ప్రభుత్వ నిఘాను ప్రశ్నించు మార్గములు: తెలుగునాటి అనుభవము

ప్రభుత్వము తన పాలనలోని మనుష్యుల రాకపోకలను, మాటలను, ఉత్తరప్రత్యుత్తరములను, డబ్బు లావాదేవీలను, నేటి కాలమున ముఖములను సైతము వారికి తెలిసియో తెలియకయో కనిపెట్టి, ఆ వృత్తాంతమును వ్రాసి పెట్టుకొని, అవసరమని తనకు తోచినప్పుడు వినియోగించుకొనుటకు నిఘా అని పేరు. దొంగను పట్టుటకు, హత్యను నివారించుటకు, దేశరక్షణకు ఇది కొంత తప్పనిదే. అయితే ఆ కొంత యెంత, దానిని నిర్ణయించువా రెవ్వరు, హద్దు మీరినప్పుడు అడుగువా రెవ్వరు, అడుగుటకు ముందు తనపై నిఘా ఉన్నదని మనిషికి తెలియుట యెట్లు అను నాలుగు ప్రశ్నలలో మొదటి మూడింటికి మన న్యాయస్థానములు అరువదేండ్లుగా ఏదో యొక సమాధానము చెప్పుచు వచ్చినవి. నాలుగవదానికి మాత్రము మన చట్టములో నేటికిని సరియైన సమాధానము లేదు. తెలుగునాట నిఘా రచ్చకెక్కిన పెద్ద సందర్భములను పరిశీలించినచో, దానిని బయటపెట్టినది చట్టము కాక, ప్రభుత్వము మారుటయో, రెండు ప్రభుత్వముల నడుమ కలహమో అయి యుండుట కానవచ్చును. న్యాయమార్గమును, రాజకీయమార్గమును వేరువేరుగా వర్ణించుట వాడుకయే కాని, ఆచరణలో మొదటిది రెండవదాని వెనుక నడచినది.

నల్లగొండ జిల్లా దక్షిణపుటంచున, కృష్ణానది కొండల నడుమ ఒదిగి పారు తావున నున్న నందికొండ ఈ విషయమున ఒక భేదమును స్పష్టముగా చూపును. 1952లో ఖోస్లా సంఘము ఆనకట్టకు తగినదని యెంచిన స్థలము ఇదియే. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిన పిదప నాగార్జునసాగరమను పేరు లోకప్రసిద్ధమై, నందికొండ యను పేరు పురపాలక సంఘమునకు మిగిలినది. ఆనకట్ట మీద కాపలా యున్నది, కెమెరాలున్నవి, ఉండవలెను కూడ. 2023 నవంబరు చివర, తెలంగాణ శాసనసభకు పోలింగు జరుగనున్న దినమున తెల్లవారకముందే, ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆనకట్ట మీదికి వచ్చి తమ సగభాగమునకు కంచె వేసి కుడికాలువకు నీరు వదలినప్పుడు, సి.సి. కెమెరాలను సైతము పాడుచేసిరని తెలంగాణ పక్షమువారు ఆరోపించిరి. తుదకు కేంద్ర రిజర్వు పోలీసు దళము వచ్చి నడుమ నిలిచినది. ఆ కెమెరాల చూపు ఒక కట్టడము మీద నుండునది. దానిని ఆక్షేపించినవాడు లేడు. అవే ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాటి రాత్రి హైదరాబాదులో వేరొక నిఘా సేకరించినదంతయు నాశనము చేయబడినదని మూడు నెలల పిదప పోలీసు ఫిర్యాదుగా బయటపడినది. అది మనుష్యుల మీది నిఘా. ఈ వ్యాసమునకు విషయము ఈ రెండవది.

మనుష్యుల మీది నిఘా ఈ సీమకు కొత్తది కాదు. నైజాము రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని శాసించిన గస్తీ నిషాన్ తిర్పన్, అనగా యేబదిమూడవ నంబరు గస్తీ, ఏ ఊర ఎవరు గుమిగూడుచున్నారో, ఏమి మాటాడబోవుచున్నారో సర్కారునకు ముందే తెలుపు సాధనముగా పనిచేసెను. రాజ్యాంగము లేదు, ప్రాథమిక హక్కులు లేవు, రిట్టు లేదు. కావున ఆనాటివారికి మిగిలినవి తీర్మానము, విజ్ఞాపన, పత్రిక అను మూడే. పాలమూరు సీమవాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించెను. మరుసటి యేట నందికొండకు చేరువనున్న దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు, ఆ పాలమూరు సీమకే చెందిన వకీలు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షుడు. గస్తీ తిర్పన్‌ను రద్దు చేయుమని కోరవలసిన సభయే గస్తీ తిర్పన్ క్రింద అనుమతి పొంది జరుగవలసి వచ్చుట యెంతటి విపరీతమో ఊహించుకొనవచ్చును. ఆ వకీళ్లు చట్టమును చట్టముతో ఎదుర్కొను అవకాశము లేనందున, దాని అన్యాయమును నలుగురిలో పదేపదే చెప్పుటయే మార్గముగా గ్రహించిరి.

బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాలలో నిఘా మరింత కఠోరమైన రూపము దాల్చినది. 1871లో పుట్టి, 1911 శాసనముతో మద్రాసు రాజధానికిని వ్యాపించిన నేరస్థ జాతుల చట్టము, ఒక మనిషి చేసిన పనిని గాక అతడు పుట్టిన కులమును చూచి అతనిని అనుమానితుల పట్టికలో చేర్చెను. స్టువర్టుపురము వంటి సెటిల్మెంట్లలో హాజరు పలుకుట, పొలిమేర దాటుటకు పాసు పుచ్చుకొనుట నిత్యకృత్యములు. దీనిని కూల్చినది ఏ న్యాయస్థానమును కాదు. యానాదుల కొరకు జీవితము ధారవోసిన నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి ప్రచారము, 1947లో మద్రాసు ప్రభుత్వము చేసిన రద్దు, స్వాతంత్ర్యానంతరము అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన కేంద్రము నియమించిన విచారణ సంఘము, తుదకు 1952 ఆగస్టు 31న దేశమంతట జరిగిన రద్దు, ఇట్లు ఇది సంపూర్ణముగా రాజకీయమార్గమున సాధింపబడిన విజయము. ఒక నిఘా వ్యవస్థను వ్రేళ్లతో పెకలించిన ఉదాహరణ మన దేశమున ఇంతకన్న పెద్దది నాకు తోచదు. అయితే చట్టము పోయినను చూపు పోలేదు. అలవాటుపడిన నేరస్థుల చట్టములు వచ్చినవి, పోలీసు స్టాండింగు ఆర్డర్లలో హిస్టరీషీటు, రౌడీషీటు నిలిచినవి, బీటు కానిస్టేబులు రాత్రివేళ తలుపు తట్టుట మానలేదు.

ఆ తలుపు తట్టుటయే న్యాయమార్గమునకు ద్వారము తెరచినది. ఉత్తరప్రదేశమున దోపిడీ కేసులో సాక్ష్యము లేక విడువబడిన ఖరక్ సింగ్ అనునతనిపై పోలీసులు హిస్టరీషీటు తెరచి, ఇంటి వద్ద రహస్యముగా కాపు కాసి, రాత్రులందు ఇంటికి వచ్చి లేపుచుండగా అతడు సుప్రీంకోర్టును ఆశ్రయించెను. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రాత్రివేళ ఇంటికి వచ్చుటను మాత్రము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, మిగిలిన నిఘాను నిలిపి, గోప్యత యనునది మన రాజ్యాంగమున ప్రత్యేకమైన హక్కు కాదని పలికెను. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, పిదప సుప్రీంకోర్టుకు వెళ్లిన కోకా సుబ్బారావు, న్యాయమూర్తి షా తోడుగా, దీనితో విభేదించెను. వెన్నంటి నడచు పోలీసు తనను ముట్టుకొనకపోయినను, తన్ను ఎవరో చూచుచున్నారను స్పృహ మనిషి స్వేచ్ఛను లోపలినుండి కట్టివేయుననియు, కావున ఆ నిబంధన యావత్తు చెల్లదనియు ఆయన తీర్పు సారాంశము. ఆయన 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయి, మరుసటి యేట ఆ పదవిని వదలి రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిపోయెను. ఆ అల్పసంఖ్యాక తీర్పు మాత్రము యేబదియైదు సంవత్సరములు వేచి గెలిచినది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని యేకగ్రీవముగా పలికి, ఖరక్ సింగ్ కేసులో గోప్యతను నిరాకరించిన భాగమును త్రోసిపుచ్చి, సుబ్బారావు మార్గమే సరియైనదనిరి. ఆ ధర్మాసనమున ప్రత్యేకముగా తీర్పు వ్రాసినవారిలో కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు.

ఈ రెండు తీర్పుల నడుమ నున్న మలక్ సింగ్ కేసును మనవారు తగినంతగా చదువలేదు. పంజాబు పోలీసుల నిఘా రిజిస్టరులో తమ పేర్లు చేర్చుటను ఇరువురు ప్రశ్నింపగా, 1980 డిసెంబరులో తీర్పు వ్రాసినది అనంతపురం జిల్లావాడైన ఓ. చిన్నప్పరెడ్డి. అనుమానమునకు సహేతుకమైన ఆధారము ఉండవలెననియు, నిఘా మనిషి స్వేచ్ఛను నలిపివేయు రీతిగా ఉండరాదనియు, అవసరమైనచో న్యాయస్థానము ఆ రిజిస్టరును తెప్పించి చూడవచ్చుననియు ఆయన చెప్పెను. ఇవి పౌరునకు లాభములు. అయితే పేరు చేర్చుటకు ముందు అతనికి నోటీసిచ్చి వాదన వినుట అక్కరలేదనియు, అట్లు చేసినచో నిఘా యొక్క ప్రయోజనమే చెడుననియు అదే తీర్పు పలికినది. పౌరహక్కుల విషయమున అంతటి ఉదారుడైన న్యాయమూర్తి సైతము ఈ చోట ఆగిపోవుట గమనింపదగినది. అడుగు హక్కును ఇచ్చి, అడుగవలసినది ఉన్నదని తెలియు హక్కును ఇయ్యకపోవుట అప్పటినుండి మన న్యాయశాస్త్రమునకు వంశానుగత లక్షణమైనది. 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము, స్టాండింగు ఆర్డర్లు శాసనములు కావు గనుక వాటి బలముతోనే రౌడీషీటు తెరచి నిఘా ఉంచరాదని, పుట్టస్వామి తీర్పును ఆధారము చేసికొని చెప్పినప్పుడు పల్లెలలోని పలువురకు అది ఊరటయైనది. ప్రభుత్వము దానిపై అప్పీలుకు పోయినది.

డబ్బు లెక్కలపై నిఘాను అడ్డిన తీర్పు కూడ తెలుగునాటినుండియే వెడలినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ మనిషియైనను బ్యాంకులోనికి వెళ్లి ఖాతాదారుల పత్రములను తనిఖీ చేయవచ్చునని, స్వాధీనపరచుకొనవచ్చునని శాసింపగా, బ్యాంకులు కోర్టుకెక్కినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు పక్షమున సుప్రీంకోర్టులో వేసిన అప్పీలుపై 2004 నవంబరు 1న వెలువడిన తీర్పు హైకోర్టునే సమర్థించినది. ఇంటిలోని కాగితము బ్యాంకులోనికి పోయినంతమాత్రమున దాని గోప్యత పోదనియు, గోప్యత స్థలములకు గాక మనుష్యులకు చెందినదనియు ఆ తీర్పు చెప్పిన న్యాయము నేటి సమాచార యుగమునకు మూలసూత్రము వంటిది. ఈ కేసు ఎందుకు గెలిచినదో చూడుడు: నిఘా బహిరంగముగా శాసనసభలో చట్టమై, గెజిట్టులో అచ్చయి, బ్యాంకు ద్వారము వద్ద నిలిచినది. కనబడినది గనుక ప్రశ్నింపబడినది.

ఫోనుపై నిఘా కనబడదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు అయిదవ సెక్షను, 1972లో సవరింపబడిన రూపమున, ప్రజాత్యయిక పరిస్థితియో ప్రజల భద్రతయో కారణముగా ఉన్నప్పుడు మాత్రమే, సార్వభౌమత్వము, దేశభద్రత, విదేశీ మైత్రి, శాంతిభద్రతలు, నేరప్రేరణ నివారణ అను అయిదు ప్రయోజనముల కొరకు సందేశములను అడ్డి వినుటకు అనుమతించెను. నిబంధనలు లేని ఈ అధికారమును రాజకీయనాయకుల ఫోనులపై ప్రయోగించిరని సి.బి.ఐ. నివేదిక యొకటి బయటపడగా, పౌరహక్కుల ప్రజాసంఘము, అనగా పి.యు.సి.ఎల్., సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1996 డిసెంబరు 18న, ఖరక్ సింగ్ తీర్పు వెలువడిన తేదీ నాడే, సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికి ఆ సంఘమునకు జాతీయాధ్యక్షుడు హైదరాబాదు న్యాయవాది కె.జి. కన్నబిరాన్. హోం కార్యదర్శి లిఖితపూర్వకమైన ఆజ్ఞ ఉండవలెను, అది రెండు నెలలకు ముగియవలెను, ఎట్టి పొడిగింపుతోనైనను ఆరు నెలలు దాటరాదు, ఉన్నతాధికారుల సమీక్షా సంఘము ఆ ఆజ్ఞను పరీక్షింపవలెను అని నియమించుచు, ముందుగా న్యాయమూర్తి అనుమతి కావలెనను కోరికను మాత్రము, చట్టములో అట్టి యేర్పాటు లేదను కారణముచే, నిరాకరించెను. ఈ నియమములు పిదప 419ఎ నిబంధనగా టెలిగ్రాఫు నిబంధనలలో చేరినవి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము క్రింద 2024 డిసెంబరులో వెలువడిన నూతన నిబంధనలును ఆ చట్రమునే ఉంచినవి. రాష్ట్రమున సమీక్షించువారు ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోం కార్యదర్శి కాని మరియొక కార్యదర్శి. ఆజ్ఞ యిచ్చినదియు ప్రభుత్వమే, పరీక్షించునదియు ప్రభుత్వమే, బాధితుడు ఆ గదిలో లేడు.

అయినను ఈ నియమములు నిరర్థకములు కావు. వీటి నుల్లంఘించినచో ఆజ్ఞ చెల్లదని అనేక హైకోర్టులు చెప్పినవి. 2006లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు అట్టి ఆజ్ఞలను కొట్టివేసినవి. బొంబాయి న్యాయస్థానము సేకరించిన సంభాషణలను నాశనము చేయుమని కూడ ఆదేశించెను. 2025లో కొద్దిదినముల యెడములో ఢిల్లీ హైకోర్టు లంచగొండితనము ప్రజల భద్రతకు ముప్పు కాగలదనియు, మద్రాసు హైకోర్టు రహస్యముగా సాగు అట్టి నేరము ప్రజాత్యయికమును కాదు, ప్రజల భద్రతకు సంబంధించినదియు కాదనియు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చినవి. కాని ఈ కేసులలో చాలవరకు పిటిషనుదారులు నేరారోపణకు గురియైనవారు. ఛార్జిషీటులో తమ మాటలు అచ్చయి కనబడినప్పుడే వారికి సంగతి తెలిసినది. నేరము మోపబడని మనిషి, ఊరక వినబడిన మనిషి, ఈ మార్గమున ప్రవేశింపనేలేడు. అక్రమముగా సంపాదించిన సాక్ష్యమైనను విషయమునకు సంబంధించినదైనచో అంగీకరింపవచ్చునను సుప్రీంకోర్టు 1970 దశకపు తీర్పులు ఈ మార్గమును మరింత ఇరుకు చేసినవి.

తెలంగాణ ఫోను ట్యాపింగు కేసు ఈ లోపమునంతయు ఒకేచోట కుప్పపోసి చూపినది. నక్సలైటు కార్యకలాపముల పై సమాచారము సేకరించుట ప్రధానకర్తవ్యముగా గల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, పత్రికల భాషలో ఎస్.ఐ.బి., ప్రతిపక్ష నాయకుల, పత్రికా రచయితల, వ్యాపారుల ఫోనులను వినెననియు, 2023 డిసెంబరు 4 రాత్రి హార్డుడిస్కులు ధ్వంసము చేయబడెననియు ఆరోపణ. ఆ విభాగపు అధికారియే 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట ఠాణాలో ఫిర్యాదు చేయగా, డి.ఎస్.పి. ప్రణీత్‌రావు, పిదప మరికొందరు అధికారులు అరెస్టయిరి. మొదట నమోదైన నేరములలో ప్రధానమైనవి ప్రభుత్వాస్తి విధ్వంసము, నమ్మకద్రోహము, సాక్ష్యమును మాపుట. అనగా కేసు పుట్టుటకు కారణము వినబడిన మనుష్యుల గోప్యత కాదు, పగిలిన ప్రభుత్వపు డిస్కులు. వాటిని పగులగొట్టకుండినచో ఈ వ్యవహారము ఏ దారిని బయటపడెడిదో చెప్పుట కష్టము. మావోయిస్టులతో సంబంధము గలవారివను నెపముతో సామాన్య రాజకీయుల నంబర్లను జాబితాలలో చేర్చి అనుమతి పొందిరని దర్యాప్తువారి కథనము. నల్లమల యడవులకు, దేవరకొండ గుట్టలకు ఆనుకొని జీవించువారు దశాబ్దముల పర్యంతము ఏ పేరుతో పోలీసు నిఘాను అనుభవించిరో, ఆ పేరే నగరములోని శాసనసభ్యులకును చుట్టుకొనినదన్నమాట.

నల్లగొండ జిల్లాకు ఈ కేసు దూరపుది కాదు. 2022 నవంబరు 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నికలో ప్రతిపక్షపు డబ్బును పట్టుటకు ఈ నిఘాను వాడిరని నిందితుల వాంగ్మూలములను బట్టి పత్రికలు వ్రాసినవి. పోలీసులకిచ్చిన వాంగ్మూలము సాక్ష్యముగా చెల్లదను సంగతిని చదువరి మరువరాదు. 2024 నవంబరులో నకిరేకల్లు నియోజకవర్గపు మాజీ శాసనసభ్యుడు విచారణకు పిలువబడెను. 2025లో పలువురు నాయకులను ప్రత్యేక దర్యాప్తు బృందము, అనగా సిట్, సాక్షులుగా పిలిచి, వారి నంబర్లు జాబితాలో ఉన్నవని తెలిపి వాంగ్మూలములు తీసికొనినది. కేంద్రమంత్రి బండి సంజయ్ సైతము ఆగస్టులో హాజరై, విచారణ సి.బి.ఐ.కి అప్పగింపవలెనని కోరెను. ఇంతటివారికే తమ మాటలు ఎవరో వినిరని తెలియుటకు ప్రభుత్వము మారవలసివచ్చెను. న్యాయమూర్తి ఫోనును సైతము వినిరను వార్తపై తెలంగాణ హైకోర్టు 2024లో తనంతట తాను విచారణ చేపట్టినది. విభాగపు మాజీ అధిపతి ప్రభాకర్‌రావు, అమెరికా నుండి, సుప్రీంకోర్టు 2025 మేలో ఇచ్చిన తాత్కాలిక రక్షణతో తిరిగివచ్చి విచారణకు హాజరయ్యెను. తాను చేసినదంతయు నిబంధనల ప్రకారమే యని ఆయన వాదించినట్లు వార్తలు వచ్చినవి. మాజీ మంత్రి హరీశ్‌రావుపై వేరుగా ఒక ఫిర్యాదుదారు పెట్టించిన కేసును హైకోర్టు 2025 మార్చిలో కొట్టివేసెను. ఆరోపణ లేవియు ఇంకను రుజువు కాలేదు.

రాజకీయమార్గముయొక్క బలమును, బలహీనతను మన దేశపు, ఈ ప్రాంతపు చరిత్రయే చెప్పగలదు. 1988లో ఫోను ట్యాపింగు ఆరోపణపై కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే గద్దె దిగెను. 1991లో హర్యానాకు చెందిన ఇరువురు కానిస్టేబుళ్లు రాజీవ్ గాంధీ యింటి వద్ద కనబడుట చంద్రశేఖర్ ప్రభుత్వపు పతనమునకు కారణమయ్యెను. 2015 జూన్‌లో ఓటు కొనజూచిరను ఓటుకు నోటు వ్యవహారమున, నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడిదని చెప్పబడిన సంభాషణ టి.వి.లలో వినబడగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెలంగాణ తమ ఫోనులు వినుచున్నదని ఆరోపించి తన జిల్లాలలో కేసులు పెట్టించి, సిట్‌ను నియమించి, టెలికాం సంస్థల రికార్డుల కొరకు విజయవాడ న్యాయస్థానమును ఆశ్రయించినది. తెలంగాణ ఆరోపణను నిరాకరించినది. పోరు సుప్రీంకోర్టు దాక పోయి, రెండు ప్రభుత్వముల రాజకీయావసరము తీరగానే చల్లారినది. ఆ ఓటుకు నోటు కేసున నిందితుడైన, పాలమూరు సీమ కొండారెడ్డిపల్లెవాడైన రేవంత్‌రెడ్డి 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి కాగా, ఆయన పాలనలోనే పైన చెప్పిన కేసు పుట్టినది. 2022 మార్చిలో పెగాసస్ అను ఫోను నిఘా సాఫ్టువేరును గూర్చి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి చేసిన వ్యాఖ్యపై ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూమన కరుణాకర్‌రెడ్డి అధ్యక్షతన సభాసంఘమును వేసెను. సభాసంఘము బలమైన సాధనమే, కాని ఇచట పరీక్షింపబడినది గడచిన ప్రభుత్వము, పరీక్షించినది నడచుచున్న ప్రభుత్వము. ఓడినవాని నిఘాపై గెలిచినవాడు విచారణ జరుపుట మన ఆచారము. తన నిఘాపై తాను విచారణకు ఒప్పుకొనినవాడు అరుదు.

పెగాసస్ విషయమున సుప్రీంకోర్టు ఆ కొరతను తీర్ప యత్నించెను. 2021 అక్టోబరు 27న, అప్పటి ప్రధాన న్యాయమూర్తి, నాటి కృష్ణాజిల్లా పొన్నవరమువాడైన ఎన్.వి. రమణ నాయకత్వమున ధర్మాసనము, దేశభద్రత యను మాట ఉచ్చరించినంతమాత్రమున న్యాయస్థానము చేతులు ముడుచుకొనదని చెప్పి, విశ్రాంత న్యాయమూర్తి ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక సంఘమును నియమించెను. సంఘము పరీక్షించిన 29 ఫోనులలో అయిదింట ఏదో దుష్ట సాఫ్టువేరు కనబడినను అది పెగాససే యని నిశ్చయింపజాలకపోయినది. ప్రభుత్వము సహకరింపలేదని సంఘము తెలిపినట్లు ప్రధాన న్యాయమూర్తి 2022 ఆగస్టులో వెల్లడించిరి. 2023 అక్టోబరు చివర హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ మొదలైన ప్రతిపక్ష సభ్యులకు, మీ ఫోనుపై ప్రభుత్వముల అండ గల దాడి జరుగుచుండవచ్చునను హెచ్చరిక వచ్చినది. పంపినది యాపిల్ కంపెనీ. తెలియజేయు ధర్మమును ప్రభుత్వము వహింపనిచోట ఫోను తయారుచేయు వ్యాపారి వహించెను.

ఈ తెలియజేయుట విషయమున ఇతర దేశములు ఊరకుండలేదు. జర్మనీలో 1970 నాటి రాజ్యాంగ న్యాయస్థాన తీర్పు పిమ్మట, నిఘా ముగిసి, దాని ప్రయోజనమునకు భంగము లేదని తేలిన పిదప సంబంధించిన మనిషికి తెలుపవలెనను నియమము స్థిరపడినది. 1978లో క్లాస్ కేసున యూరపు మానవహక్కుల న్యాయస్థానము ఆ జర్మను చట్టమును నిలుపుచునే, రహస్య నిఘాకు వీలిచ్చు చట్టము ఉండుటయే పౌరుడు న్యాయస్థానమునకు వచ్చుటకు చాలుననియు, తనపై నిఘా జరిగినదని రుజువు చూపనక్కరలేదనియు చెప్పెను. మన తెలుగువారు లక్షలుగా నివసించు అమెరికాలో నేరవిచారణకై కోర్టు అనుమతితో ఫోను వినినచో, అది ముగిసిన తొంబది దినములలోగా ఆ మనిషికి సాధారణముగా నోటీసు అందవలెనని 1968 నాటి చట్టము. కాని విదేశీ గూఢచర్య నిఘా విషయమున 2013 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, మీ మాటలు వినిరని మీరు ఊహించుచున్నారే గాని రుజువు లేదని 5–4 ఆధిక్యముతో పిటిషనుదారులను వెనుకకు పంపెను. నాలుగు నెలలు తిరుగకముందే ఎడ్వర్డ్ స్నోడెన్ పత్రములు బయటపెట్టుటచే రుజువు చేత చిక్కి, 2015లో అప్పీలు న్యాయస్థానము ఫోను వివరముల మూకుమ్మడి సేకరణ చట్టసమ్మతము కాదనగా, కాంగ్రెసు ఆ యేడే దానిని ముగించు శాసనము చేసెను. అక్కడను తలుపు తెరచినది లోపలివాడే.

బహిరంగ స్థలములలోని కెమెరాల విషయమున పౌరునకు కొంత వెసులుబాటు కలదు, అవి కంటికి కనబడును గనుక. 2013 నాటి ప్రజాభద్రతా చట్టము అంగళ్లవారిని, సంస్థలవారిని కెమెరాలు పెట్టుమని నిర్బంధించినది. హైదరాబాదు బంజారాహిల్సులోని కమాండ్ కంట్రోల్ కేంద్రము 2022 ఆగస్టులో ప్రారంభమైనది. 2021 మేలో, లాక్‌డౌను కాలమున, పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయుమని చెప్పి ఫోటో తీయగా, ఆయన ఏ చట్టము క్రింద తీసితిరని మొదట నోటీసు పంపి, జవాబు లేకపోవుటచే తెలంగాణ హైకోర్టులో ముఖకవళికలను గుర్తించు యంత్రముల వాడకముపై ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసెను. 2022 జనవరిలో న్యాయస్థానము ప్రభుత్వమునకు నోటీసులిచ్చెను. బ్రిటనులో ఇట్టి కేసే 2020 ఆగస్టులో సౌత్ వేల్సు పోలీసులకు వ్యతిరేకముగా గెలిచినది; ఎవరిని వెదకవలెను, ఎక్కడ వెదకవలెను అనునది పోలీసు ఇష్టమునకు విడుచుట చట్టము కాదని అక్కడి అప్పీలు న్యాయస్థానము పలికెను. కార్యకర్త అడిగిన ప్రశ్న చిన్నది, ఏ చట్టము క్రింద అని; పుట్టస్వామి తీర్పు విధించిన పరీక్షలలో మొదటిదియు అదియే. పిదపనే న్యాయమైన ప్రయోజనము, ఆ ప్రయోజనమునకు తగిన మేర, దుర్వినియోగమునకు అడ్డుకట్ట వచ్చును.

సమాచార హక్కు చట్టము ఈ విషయమున పూర్తిగా మూసిన తలుపు కాకున్నను, దాని 24వ సెక్షను గూఢచారి విభాగములకు మినహాయింపు నిచ్చును. రాష్ట్రము తన విభాగములను అట్లు ప్రకటింపవచ్చును. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు మాత్రము ఆ మినహాయింపునకు లోబడవు. అయినను ఎవరి ఫోను వినిరని అడిగినచో నిరాకరణయే వచ్చును. సమీక్షా సంఘము ఏడాదిలో ఎన్ని మారులు కూడినది, ఎన్ని ఆజ్ఞలు దాని ముందుకు వచ్చినవి, ఎన్నింటిని త్రోసిపుచ్చినది అను లెక్కలు అడిగినచో, ఆ సంఘము సచివాలయపుదే గాని గూఢచారి విభాగపుది కాదు గనుక, వాదమునకు చోటున్నది. త్రోసిపుచ్చిన వాటి సంఖ్య ఒక్కటి తెలిసినను ఆ సమీక్ష నిజమో, సంతకమో అర్థమగును. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టముపై ఆశ పెట్టుకొనినవారు దాని 17వ సెక్షనును చదువవలెను. దేశభద్రత, శాంతిభద్రతల కారణమున కేంద్రము ప్రకటించిన ప్రభుత్వ సంస్థలకు ఆ చట్టము వర్తింపదు.

గూఢచారి సంస్థలను పార్లమెంటు పర్యవేక్షణ క్రిందికి తెచ్చు ఒక బిల్లును 2011లో మనీశ్ తివారీ అనధికారసభ్యుని హోదాలో ప్రవేశపెట్టెను. అది చట్టము కాలేదు. టెలిగ్రాఫులు, టెలిఫోనులు కేంద్రజాబితాలోనివి గనుక రాష్ట్రము చేయగలిగినది లేదని హైదరాబాదులో తరచుగా చెప్పుదురు. కాని పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు రెండవ జాబితాలో మొదటి రెండు పద్దులు. ఫోను వినుటకు అనుమతి ఎవరీయవలెనో శాసనసభ మార్చజాలదు. అయితే తన జీతము తిను నిఘా విభాగము ఏ రికార్డులను ఎంతకాలము ఉంచవలెనో, ఎవరి సమక్షమున నాశనము చేయవలెనో, ఏటేట ఎంతమందిపై నిఘా ఉంచినదో సభకు ఎట్లు నివేదింపవలెనో, ప్రతిపక్ష సభ్యులు గల సభాసంఘము దానిని ఎట్లు తనిఖీ చేయవలెనో శాసించుటకు దానికి అధికారము కలదు. ఇందుకు కావలసినది ఒక బిల్లు, దానిని ప్రవేశపెట్టుటకు ఒక సభ్యుడు.